కొబ్బరి చిప్పలో కాపురం

పామిడి: ఆక్టోపస్ అనే పేరు పామిడి వాసులకు కొత్తది కాదు. అక్రమ వ్యాపారం ఏదైనా ఊళ్ళకు ఊళ్ళు పాకిందంటే ‘ఆక్టోపస్‌లా అల్లుకుపోయింది’ అని పత్రికలు రాస్తుంటాయి. ఉగ్రవాదులను ఎదుర్కొనేందుకు 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటు చేసిన పోలీసు దళానికి కూడా ఆక్టోపస్ అనే పేరే పెట్టారు. ఎన్నికల సర్వేలతో పేరు తెచ్చుకున్న లగడపాటి రాజగోపాల్‌ను ‘ఆంధ్రా ఆక్టోపస్’ అని పిలిచారు. పేరు ఇంతగా వాడుకలో ఉన్నా, ఆ ప్రాణిని కళ్ళారా చూసినవారు ఈ మెట్ట ప్రాంతంలో బహు అరుదు.

దాన్ని ఏళ్ళ తరబడి ఓపికగా గమనించినవారు చెప్పే సంగతులు మాత్రం పేరుకు తగ్గట్టు లేవు. ఆక్టోపస్ అన్నింటినీ కబళించే భూతం కాదు. ఒంటరిగా బతికే మెత్తటి జీవి. తలదాచుకునేందుకు ఒక గూడు కోసం వెతుక్కోవడంలోనే దాని బతుకు చాలావరకు గడిచిపోతుంది. చాలా జాతులకు ఆయుష్షు ఏడాది, రెండేళ్ళే.

గుల్ల లేని నత్త

తొలకరి జల్లులకు చేలగట్ల మీద పాకే నత్త అందరికీ తెలిసిందే. ఆక్టోపస్ ఆ నత్తకు దూరపు బంధువు. ఆల్చిప్పలు, నత్తలు, ఆక్టోపస్‌లు ఒకే వంశం నుంచి వచ్చినవి. నత్తకు వీపు మీదే ఇల్లుంది. అపాయం వస్తే లోపలికి ముడుచుకుంటుంది. ఆక్టోపస్ పూర్వీకులకు కూడా అలాంటి గుల్ల ఉండేది. కోట్ల ఏళ్ళ కాలంలో అది పోయింది. ఇప్పుడు దాని ఒంట్లో ఎముక ముక్క లేదు. గట్టిగా ఉండేదల్లా చిలుక ముక్కును పోలిన నోరే. ఆ నోరు పట్టే సందు దొరికితే చాలు, ఒళ్ళంతా సాగదీసి దూరిపోతుంది.

గుల్ల పోయిన లోటును ప్రకృతి వేరే విధంగా పూడ్చింది. ఆక్టోపస్‌కు మూడు గుండెలు. రెండు మొప్పలకు రక్తం పంపితే, మూడోది ఒళ్ళంతటికీ పంపుతుంది. మన రక్తంలో ఇనుము ఉంటే దాని రక్తంలో రాగి ఉంటుంది. అందుకే ఆ రక్తం నీలంగా కనిపిస్తుంది. నాడీకణాలు దాదాపు 50 కోట్లు. వాటిలో మూడింట రెండు వంతులు తలలో కాక ఎనిమిది చేతుల్లో ఉంటాయి. అందువల్ల రాతి సందులోకి పోయిన చేయి అక్కడ తగిలింది తిండో కాదో తనంతట తానే తడిమి తెలుసుకోగలదు.

చర్మంలో రంగు సంచులు వేల సంఖ్యలో ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న సన్నటి కండరాలు బిగిస్తే రంగు పరుచుకుంటుంది, వదిలితే ముడుచుకుపోతుంది. రెప్పపాటులో ఇసుక మీద ఇసుకలా, పాచి మీద పాచిలా మారిపోతుంది. రకరకాల రంగుల బట్టలకు పేరుపడ్డ పామిడి బజారులో కూడా ఇంత వేగంగా రంగులు మారవు. విచిత్రమేమంటే, శాస్త్రజ్ఞుల పరీక్షల ప్రకారం చాలా ఆక్టోపస్‌లకు రంగులు వేరుచేసి చూసే శక్తి లేదు.

వాకిట్లో పొట్టు చూసి...

ఇలా రంగులు మార్చే ప్రాణిని సముద్రంలో ఎలా వెతుకుతారు? గొర్రెల కాపరి అడుగుజాడలు చూసి మంద ఎటు పోయిందో చెప్పినట్టే దీనికీ జాడలున్నాయి. గట్టు మీద వేరుశనగ పొట్టు కుప్పగా ఉంటే అక్కడెవరో కూర్చుని కాయలు ఒలిచారని పిల్లలు కూడా చెబుతారు. ఆక్టోపస్ కూడా అంతే. రాత్రో పగలో వేటకు పోయి ఎండ్రకాయలను, ఆల్చిప్పలను పట్టి తెచ్చుకుంటుంది. గూట్లో కూర్చుని తిని, డొల్లలను గుమ్మం ముందు పారేస్తుంది. సముద్రం అడుగున రాతి సందు ముందు అలా డొల్లల కుప్ప కనిపిస్తే, లోపలి చీకట్లో రెండు కళ్ళు కనిపించే అవకాశం ఉంది.

అయితే చూడాలంటే ఓపిక కావాలి. దక్షిణాఫ్రికాకు చెందిన క్రెయిగ్ ఫాస్టర్ సముద్రపు నాచు అడవిలో ఒకే ఆక్టోపస్‌ను దాదాపు ఏడాది పాటు రోజూ మునిగి చూశారు. అది మొదట ఆయనకు భయపడి దాక్కునేది. రోజులు గడిచాక చేయి చాచి తాకింది. ఆ కథతో 2020లో వచ్చిన చిత్రానికి మరుసటి ఏడాది ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ బహుమతి వచ్చింది.

ఇలా దగ్గరకు వచ్చే గుణాన్ని గ్రీకు పండితుడు అరిస్టాటిల్ రెండు వేల మూడు వందల ఏళ్ళ క్రితమే గమనించారు. నీళ్ళలో చేయి పెడితే చాలు వచ్చేస్తుంది కనుక ఇది తెలివితక్కువ ప్రాణి అని ఆయన తేల్చారు. అది చేతి దగ్గరకు ఎందుకు వస్తుందో ఆయన ఆలోచించినట్టు లేదు. కొత్తగా కనిపించిన దాన్ని తాకి చూడాలనే కుతూహలం తెలివితక్కువతనం కాదని నేటి శాస్త్రజ్ఞులు అంటారు.

రెండు చిప్పలు, ఒక ఇల్లు

ఆక్టోపస్‌ల గురించి జరిగిన పరిశీలనల్లో తెలుగువారికి సులువుగా అర్థమయ్యేది కొబ్బరి చిప్పల సంగతి. ఆస్ట్రేలియాకు చెందిన జూలియన్ ఫిన్, మార్క్ నార్మన్, ఇంగ్లండ్‌కు చెందిన టామ్ ట్రెగెంజా 1999 నుంచి 2008 వరకు ఇండోనేషియా తీరంలో ఇరవైకి పైగా ఆక్టోపస్‌లను గమనించారు. ఇందుకోసం 500 గంటలకు పైగా నీటి అడుగున గడిపారు. అక్కడి నేలంతా మెత్తటి ఇసుక, బురద. దాక్కోవడానికి రాళ్ళు లేవు. తీరంలోని జనం కొబ్బరి తీసుకుని పారేసిన చిప్పలు మాత్రం అడుగున అక్కడక్కడా పడి ఉన్నాయి.

ఆక్టోపస్ ఒక చిప్పను బురదలోంచి పెకలించింది. లోపలి మట్టిని నీటి ధారతో కడిగింది. రెండు చిప్పలను ఒకదానిలో ఒకటి పేర్చి వాటి మీద కూర్చుంది. ఎనిమిది చేతులనూ అంచుల మీదుగా కిందికి చాచి, పొయ్యికాళ్ళ మీద నడిచినట్టు బిర్రుగా నడుచుకుంటూ పోయింది. ఆ నడక దానికి సుఖం కాదు. చిప్పలు మోస్తున్నంతసేపూ వేగం తగ్గుతుంది, శత్రువుల కంట పడుతుంది. అయినా మోసింది. చేరవలసిన చోటికి చేరాక ఒక చిప్పను కింద, మరొకదాన్ని పైన పెట్టుకుని మధ్యలో ముడుచుకుంది. అంటే రేపటి అవసరం కోసం ఈరోజు బరువు మోసింది. ఈ వివరాలు 2009లో వెలువడినప్పుడు, వెన్నెముక లేని ప్రాణి పనిముట్టు వాడటమా అని శాస్త్ర ప్రపంచం ఆశ్చర్యపోయింది.

మనిషి కొబ్బరికాయలు కొట్టి చిప్పలు పారేయకముందు అది పెద్ద ఆల్చిప్పలతో ఇదే పని చేసి ఉంటుందని వారి అభిప్రాయం. అదే జాతి మన భారతదేశ తీరాల్లోనూ ఉంది. చేతులతో కలిపి జానెడు కూడా ఉండదు. ఇది రెండు చేతుల మీద వెనక్కి నడవడాన్ని కూడా 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మిగిలిన ఆరు చేతులను ఒంటికి చుట్టుకుని, దొర్లుతున్న కొబ్బరికాయలా కనిపిస్తూ తప్పించుకుంటుంది.

విశాఖ రాళ్ళ మధ్య

ఇండోనేషియా దాకా పోనవసరం లేదు. బంగాళాఖాతంలోనూ పలు రకాల ఆక్టోపస్‌లు ఉన్నాయి. మరబోట్ల వలల్లో చేపలతో పాటు పడుతుంటాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ 1985లోనే ఆక్టోపస్, దాని బంధుజాతుల గురించి ప్రత్యేక సంచిక వెలువరించింది. ఆ సంస్థకు విశాఖపట్నంలో కేంద్రం ఉంది.

సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పైకి పొంగి, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. పొంగడం పోటు, తగ్గడం ఆటు. ఆటు సమయంలో విశాఖ తీరంలో రాళ్ళు బయటపడతాయి. ఆ రాళ్ళ మధ్య గుంటల్లో నీరు నిలుస్తుంది. చిన్న చేపలు, ఎండ్రకాయలు, పువ్వుల్లా విచ్చుకునే సముద్ర జీవులు వాటిలో ఉంటాయి. అదృష్టం బాగుంటే ఆక్టోపస్ కూడా కనిపిస్తుంది. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అనే స్థానిక సంస్థ ఇలాంటి వేళల్లో జనాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి వీటిని చూపిస్తోంది. విహారయాత్రకు పోయే బడి పిల్లలు సముద్రంలో స్నానం చేసి వచ్చేయకుండా, ఆటు వేళ తెలుసుకుని ఒక గంట ఆ రాళ్ళ దగ్గర నిలబడితే పాఠ్యపుస్తకంలో లేని పాఠం దొరుకుతుంది.

అద్దాల వెనుక

సముద్రంలో మునగలేనివారికి అద్దాల తొట్టెలే దిక్కు. వాటిలోనూ ఎన్నో సంగతులు బయటపడ్డాయి. అమెరికాలోని సియాటిల్ ఆక్వేరియంలో రోలండ్ ఆండర్సన్, జెన్నిఫర్ మేథర్ చేసిన పరీక్షలు ప్రసిద్ధమైనవి. తేలియాడే ఖాళీ మందు సీసాను ఎనిమిది ఆక్టోపస్‌ల తొట్టెల్లో వేసి చూశారు. రెండు ఆక్టోపస్‌లు నీటి ధారతో దాన్ని అవతలికి తోసి, అది తిరిగి రాగానే మళ్ళీ తోశాయి. గోడకు బంతి కొట్టి ఆడుకునే పిల్లల్లా పదే పదే అదే పని చేశాయి. ఇది ఆటేనని 1999లో వారు ప్రకటించారు.

2010లో ప్రకటించిన మరో పరీక్షలో ఇద్దరు మనుషులకు ఒకే రకం నీలి దుస్తులు తొడిగారు. ఒకరు రోజూ తిండి పెట్టారు. రెండోవారు ముళ్ళలాంటి కుచ్చు ఉన్న కర్రతో తాకి విసిగించారు. రెండు వారాలు గడిచేసరికి ఆక్టోపస్‌లు తిండి పెట్టేవారిని చూసి దగ్గరకు వచ్చాయి. విసిగించినవారిని చూసి దూరం జరిగాయి. దుస్తులు ఒకటే అయినా మనిషిని మనిషిగా గుర్తుపట్టాయి. పెట్టిన చేయిని, కొట్టిన చేయిని ఎద్దు మరచిపోదని రైతులు అంటారు. ఆ మాట ఆక్టోపస్‌కూ వర్తిస్తుందని తేలింది.

తొట్టెలో ఉండటం దానికి ఇష్టమేనా అన్న ప్రశ్నకు న్యూజిలాండ్‌లో జరిగిన సంఘటన కొంత జవాబు చెబుతుంది. నేపియర్ పట్టణంలోని జాతీయ ఆక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్ ఉండేది. ఒక రాత్రి మూత కొద్దిగా తెరిచి ఉండటంతో అది బయటికి వచ్చింది. నేల మీద పాకుతూ పోయి, సముద్రంలోకి నీరు పోయే దాదాపు 50 మీటర్ల గొట్టంలో దూరి మాయమైంది. 2016లో ఈ వార్త లోకమంతా పాకింది.

జోస్యం సంగతి కూడా తేల్చుకోవాలి. జర్మనీలోని ఒబర్‌హౌజెన్ ఆక్వేరియంలో ఉన్న పాల్ అనే ఆక్టోపస్ ముందు రెండు దేశాల జెండాలు అంటించిన రెండు పెట్టెలు, వాటిలో తిండి పెట్టేవారు. 2010 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల్లో అది ముందుగా తెరిచిన పెట్టె ఎనిమిదిసార్లూ గెలిచిన జట్టుదే అయింది. బొమ్మా బొరుసా ఎనిమిదిసార్లు వరుసగా సరిగ్గా చెప్పడం 256 మందిలో ఒకరికి సాధ్యం. లోకంలో జోస్యాలు చెప్పించిన జంతువులు ఎన్నో ఉన్నాయి. తప్పిపోయినవి ఎవరికీ గుర్తుండవు. పాల్‌కు తెలిసింది పెట్టెలోని తిండి గురించే. అది అదే ఏడాది అక్టోబరులో చనిపోయింది.

తల్లి ఉపవాసం

ఆక్టోపస్ జీవితంలో గమనించినవారి మనసును కదిలించేది చివరి ఘట్టం. ఆడది జీవితంలో సాధారణంగా ఒక్కసారే గుడ్లు పెడుతుంది. కొన్ని జాతుల్లో అవి లక్షకు పైగా ఉంటాయి. గూటి పైకప్పుకు గుత్తులుగా వేలాడదీసి, వాటికి దుమ్ము పట్టకుండా నీరు ఊదుతూ, చేతులతో నిమురుతూ అక్కడే ఉండిపోతుంది. తిండి మానేస్తుంది. పిల్లలు బయటికి వచ్చే వేళకు తల్లి శక్తి పూర్తిగా ఉడిగిపోతుంది. కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. మన దేశంలో ఆర్. సర్వేశన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంరక్షణ గురించి 1969లోనే వ్యాసం ప్రచురించారు.

ఈ ఉపవాసానికి కారణమేమిటో 1977లో అమెరికా శాస్త్రజ్ఞుడు జెరోమ్ వొడిన్‌స్కీ కనుగొన్నారు. కళ్ళ వెనుక ఉండే ఒక గ్రంథిని తీసివేస్తే తల్లి గుడ్లను వదిలి మళ్ళీ తిండి తిని, ఎక్కువ కాలం బతికింది. మరణాన్ని తెచ్చేది ఆ గ్రంథి రసమేనని అలా తెలిసింది. ఇది తొట్టెలో మాత్రమే తెలిసే సంగతి.

సముద్రంలో మాత్రమే తెలిసే సంగతి మరొకటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో దాదాపు 1400 మీటర్ల లోతున, 2007లో ఒక ఆడ ఆక్టోపస్ రాతి మీద గుడ్లను కప్పుకుని ఉండటాన్ని మాంటెరే బే పరిశోధనా సంస్థ వారు యంత్రం ద్వారా చూశారు. నాలుగున్నరేళ్ళలో 18 సార్లు అక్కడికి వెళ్ళారు. వెళ్ళిన ప్రతిసారీ అదే తల్లి, అదే రాయి, అవే గుడ్లు. ఒంటి మీది మచ్చలను బట్టి దాన్ని గుర్తుపట్టారు. దగ్గరకు వచ్చిన ఎండ్రకాయలను అది తోసేసిందే గాని తినగా వారు చూడలేదు. ఒళ్ళు పాలిపోయింది, కళ్ళు మసకబారాయి. 53 నెలలు అలా గడిచాక 2011లో వెళ్ళి చూస్తే తల్లి లేదు. చిరిగిన గుడ్ల పొరలు మాత్రం రాతి మీద ఉన్నాయి. పిల్లలు వెళ్ళిపోయాయన్నమాట. లోకంలో ఇంతకాలం గుడ్లను కాచిన ప్రాణి మరొకటి ఇంతవరకు తెలియదు.

చూసినవారి బాధ్యత

ఇన్ని సంగతులు తెలిశాక దేశాల చట్టాలు కూడా మారాయి. నొప్పి, బాధ తెలిసిన ప్రాణుల జాబితాలో ఆక్టోపస్‌ను చేర్చుతూ బ్రిటన్ 2022లో చట్టం చేసింది. కోళ్ళ ఫారాల్లాగా ఆక్టోపస్‌లను పెంచాలని స్పెయిన్‌లో ఒక కంపెనీ ప్రయత్నిస్తుండగా, అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2024లో అలాంటి పెంపకాన్ని నిషేధించాయి. ఒంటరిగా బతికే ప్రాణిని గుంపుగా తొట్టెల్లో కుక్కితే అవి ఒకదాన్నొకటి తినే ప్రమాదం ఉందని అభ్యంతరం. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవినీ జంతువుగానే లెక్కిస్తుంది.

సముద్రతీరానికి వెళ్ళేవారు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. రాళ్ళ గుంటలో ఆక్టోపస్ కనిపిస్తే చేత్తో లాగరాదు. దాని చేతుల పట్టు గట్టిది. బలవంతంగా పీకితే గాయపడుతుంది. పైగా అది కరుస్తుంది. నీలి రంగు వలయాలు ఉండే చిన్న జాతి విషం మనిషి ప్రాణం తీయగలదు. ఎత్తి చూసిన రాయిని తిరిగి యథాస్థానంలో పెట్టాలి. పెద్ద గవ్వలను, ఆల్చిప్పలను సంచుల కొద్దీ ఏరుకుని రాకూడదు. ఇంట్లో అలమరలో అలంకారంగా ఉండే ఆ గుల్ల, సముద్రం అడుగున ఒక ప్రాణికి గూడు. ఆటు వేళ వెళ్ళి, పోటు మొదలయ్యేలోపే గట్టుకు చేరాలి.

పామిడికీ ఆ గూటికీ

ఇంతదూరంలో ఉన్న పామిడికి దీనితో ఏం పని అనిపించవచ్చు. ఊరి పక్కనే ఉన్న పెన్న జవాబు చెబుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించినా అది సముద్రానికి పోయే నదే. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, పామిడి, తాడిపత్రి, గండికోట, సోమశిల, నెల్లూరు మీదుగా 597 కిలోమీటర్లు ప్రయాణించి ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎండిన ఏట్లో పారేసిన సీసా, డబ్బా, ప్లాస్టిక్ సంచి వరద వచ్చేదాకా అక్కడే ఉంటాయి. వరద వస్తే కిందికి పోతాయి. దారిలో ఆనకట్టల వద్ద కొన్ని ఆగవచ్చు. ఆగనివి చేరేది సముద్రానికే.

ఆక్టోపస్‌లు ఇప్పుడు కొబ్బరి చిప్పలకు, గవ్వలకు బదులు మనుషులు పారేసిన సీసాల్లో, డబ్బాల్లో, ప్లాస్టిక్ ముక్కల్లో తలదాచుకుంటున్నాయి. నీటి అడుగున తీసిన ఫొటోలను పోగుచేసి చూసిన బ్రెజిల్ శాస్త్రజ్ఞులు, 24 జాతుల ఆక్టోపస్‌లు ఇలా చెత్తను వాడుకుంటున్నట్టు 2022లో ప్రకటించారు. పగిలిన సీసాలోనూ, తుప్పు పట్టిన డబ్బాలోనూ గుడ్లు పెట్టిన తల్లులు ఉన్నాయి. గవ్వలు దొరకని చోట అది దొరికిన దాంట్లోనే దూరుతుంది. పగిలిన అంచు కోస్తుందో, ఆ డబ్బాలో ఇదివరకు ఏ మందు ఉండేదో దానికి తెలిసే వీలు లేదు.

పెన్న ఒడ్డునే పామిడి భోగేశ్వరస్వామి ఆలయం ఉంది. అక్కడ భక్తులు కొట్టే కొబ్బరికాయ చిప్ప ఏట్లో పడినా కొన్నాళ్ళకు మట్టిలో కలుస్తుంది. దాన్ని తెచ్చిన ప్లాస్టిక్ సంచి, చేలో పిచికారీ చేశాక గట్టు మీద వదిలేసిన పురుగుమందు డబ్బా అలా కలవవు. సముద్రాన్ని ఎన్నడూ చూడని రైతు కూడా ఆ డబ్బాను ఏట్లోకి విసరకుండా ఉంటే, ఎన్నడూ చూడబోని ఒక తల్లి గూటికి మేలు చేసినవాడవుతాడు. పెన్నకు వరద రాకముందే ఆ పని చేయవలసి ఉంటుంది.